హక్కు ఎవరి చేతిలో ఉంది?

సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఆటోవాడు తడుముకుంటాడు, సీటీసీ అంటే తిన్నగా పార్క్‌లేన్‌లో దింపుతాడు. అక్కడ లాప్‌టాప్‌లు రిపేరు చేసే కొట్టు నాది. ఈమధ్య ఒక జర్మన్ పెద్దాయన పాత లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఛార్జింగ్ ఎక్కట్లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ మిషన్‌కి 11 ఎక్కదు. కొత్తది కొనుక్కోమని అందరూ చెప్పారట.

"డబ్బిచ్చి కొన్నాక అది నాది. ఎప్పుడు పారెయ్యాలో ఇంకొకడు చెప్పడమేంటి?" అన్నాడు.

మా కుర్రాడు బోర్డు విప్పేలోపు ఆయన రాజకీయాలు, పెన్షన్లు, ఫ్రాన్సులో వారానికి 35 గంటల పని, అన్నీ చుట్టేశాడు. రిపేరు హక్కు మీద యూరప్ 2024లో డైరెక్టివ్ తెచ్చిందని గర్వం కూడా. మన దగ్గర 2022లో కమిటీ వేశారు, తర్వాత పోర్టల్ పెట్టారు, అక్కడిదాకా వచ్చాం అన్నాను.

ఛార్జింగ్ లైన్‌లో ఒక కెపాసిటర్ షార్ట్. ఆవగింజలో సగం ఉంటుంది. కుర్రాడు హాట్ ఎయిర్ పెట్టి దాన్ని లేపి, డెడ్ బోర్డు నుంచి ఇంకోటి తీసి కూర్చోబెట్టాడు. ఫ్లక్స్ పొగకి పెద్దాయన వెనక్కి జరిగాడు. కుర్రాడు జరగలేదు, జరిగితే ట్వీజర్ కదులుతుంది.

మరి ఆ పెద్దాయన హక్కు ఎక్కడున్నట్టు? డైరెక్టివ్‌లోనా, ఈ పిల్లాడి వేళ్లలోనా? ఎదుటివాడు తన బాధ్యతగా ఒప్పుకుంటే తప్ప హక్కు తనంతట తాను పనిచెయ్యదంటుంది ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వేయ్. 1934-35లో ఫ్యాక్టరీల్లో కూలిగా చేసిన మనిషి కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. గాంధీ 1947లో యునెస్కో అధిపతి జూలియన్ హక్స్‌లీకి రాసింది వేరు: నీ ధర్మం నువ్వు సరిగ్గా చేస్తే నీ హక్కు వస్తుందని. అది మాత్రం నాకు మింగుడుపడదు. ఈ దేశంలో కొందరు తరతరాలుగా ధర్మం చేస్తూనే వచ్చారు, హక్కు వాళ్ల గడప తొక్కలేదు. మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు మొదటినుంచీ ఉన్నాయి. విధులు చేరింది 1976లో, అదీ ఎమర్జెన్సీలో. నన్నడిగితే రాజ్యాంగం రాసినవాళ్ల వరసే సరైంది.

వేయ్ మాట ఒప్పుకుంటే మాత్రం లెక్క నా దాకా వస్తుంది. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనికి వీలిచ్చింది, వారానికి 48 దాటకుండా. మా కొట్టుకి అది వర్తించకపోయినా, కుర్రాడి విశ్రాంతికి పూచీ మొదట యజమానిది, ఆ తర్వాత "గంటలో ఇచ్చెయ్యి బాబూ" అనే కస్టమర్‌ది.

పెద్దాయనకి ఆ రాత్రే ఫ్లైట్. కుర్రాడు ఇంటికెళ్లే టైము దాటాక కూర్చుని లినక్స్ ఎక్కించాడు. ఓవర్‌టైమ్ ఎవరివ్వాలని మేమిద్దరం కౌంటర్ దగ్గర వాదించుకున్నాం. అది చట్టం చూసుకోవాలన్నాడాయన. నేను బిల్లులో ఇంకో లైను రాశాను.