వేగుచుక్కయు విశ్వాసమును

ధ్యాన భాగములు: నిర్గమకాండము 3:7–8, 1 రాజులు 19:9–13, లూకా 13:1–5



తెల్లవారుజామున ఎడ్లకు మేత వేయుటకు లేచిన రైతు తూర్పుదిక్కున మొదట చూచునది వేగుచుక్క. గడియారములు లేని దినములలో మన తాతలు దానిని చూచియే అరక కట్టిరి. ఆ చుక్కయే శుక్రగ్రహము. దానిని గూర్చి పుట్టిన ఒక వింత వాదమును, ఆ వాదమువలన మా సంఘములో ఒకరి విశ్వాసమునకు కలిగిన శోధనను ఈ మాసము తలపోయుదము.

కొంతకాలము క్రిందట, పట్టణములో చదువుచున్న ఒక యౌవనస్థుడు సెలవులకు ఊరికి వచ్చెను. ఆరాధన ముగిసిన పిమ్మట చింతచెట్టు నీడను నిలిచి, "అయ్యగారూ, ఎఱ్ఱ సముద్రము పాయలైన మాట నిజమేనని ఒక పండితుడు ఋజువు చేసినాడట. శుక్రగ్రహము ఆ కాలములో తోకచుక్కగా వచ్చి భూమి ప్రక్కగా పోయినదట" అని చెప్పెను. పెద్దలు సంతోషించిరి. మేమును సంతోషించితిమి. అంతటితో ఊరుకొనక, మరుసటి ఆదివారము ప్రసంగములో ఆ సంగతి చెప్పి, "చూచితిరా, శాస్త్రమే మన గ్రంథమునకు సాక్ష్యమిచ్చుచున్నది" అంటిమి.

ఏడాది తిరిగినది. ఆ యౌవనస్థుడే మరల వచ్చెను. ఈ సారి అతని ముఖము వాడియుండెను. "ఆ వాదము నిలువదని మా అధ్యాపకులు చూపించినారు. అయ్యగారూ, అది పోయిన తరువాత ఎఱ్ఱ సముద్రము మాటేమిటి?" అని అడిగెను. ఆ దినమున మేము తగిన జవాబు చెప్పలేకపోతిమి. ఈ నాలుగు మాటలు వ్రాయుట అందుకే.

ఆ వాదమును లోకమునకు తెలియజేసినవాడు ఇమ్మాన్యుయేల్ వెలికోవ్‌స్కీ. ఆయన 1895లో రష్యా సామ్రాజ్యములోని వీతెబ్‌స్క్ పట్టణమందు యూదుల ఇంట జన్మించెను. వైద్యము చదివి, మనస్సునకు కలుగు రోగములకు చికిత్స చేయుచు, 1939లో న్యూయార్కు చేరెను. 1950లో ఆయన వ్రాసిన 'వరల్డ్స్ ఇన్ కొలిజన్', అనగా 'ఢీకొను లోకములు' అను గ్రంథము వెలువడి లక్షల మందిని ఆకర్షించినది.

అందులో ఆయన చెప్పినది సంగ్రహముగా ఇది. శుక్రుడు మొదటినుండి గ్రహము కాదు. బృహస్పతి గ్రహమునుండి వెడలి, తోకచుక్కయై తిరిగెను. క్రీ.పూ. సుమారు 1500లో అది భూమికి సమీపముగా వచ్చెను. దాని ఎఱ్ఱని ధూళి పడుటచే ఐగుప్తు నీళ్లు రక్తవర్ణమాయెను. దాని రాళ్లే వడగండ్లుగా కురిసెను. దాని ఆకర్షణచే సముద్రము రెండు పాయలాయెను. దాని తోకలోని పదార్థమే అరణ్యములో మన్నాగా దిగెను. ఏబది ఏండ్ల తరువాత అది మరల వచ్చినప్పుడు యెహోషువ దినమున సూర్యుడు నిలిచినట్లు కనబడెను. క్రీ.పూ. 8, 7 శతాబ్దములలో కుజగ్రహము భూమికి దగ్గరగా వచ్చినప్పుడు సన్హెరీబు సైన్యము నశించెను. ఇవన్నియు ఋజువు చేయుటకు ఆయన గ్రీకులు, చీనావారు, హిందువులు, మెక్సికో దేశపు ప్రాచీనులు చెప్పుకొనిన కథలను ప్రోగుచేసెను. జ్యూసు దేవుని తలనుండి అథీనా దేవత పుట్టినదన్న గ్రీకు కథ ఆయనకు బృహస్పతినుండి శుక్రుడు పుట్టిన జ్ఞాపకముగా తోచినది.

ఇట్టి ఆలోచన ఆయనతో మొదలు కాలేదు. 1694లోనే ఎడ్మండ్ హేలీ అను ఖగోళ పండితుడు జలప్రళయమునకు తోకచుక్క కారణమై యుండవచ్చునని చెప్పెను. 1696లో విలియం విస్టన్ దానినే పెద్ద గ్రంథముగా వ్రాసెను. కొలది యేండ్ల తరువాత కేంబ్రిడ్జిలో న్యూటను కూర్చుండిన ఆచార్యపీఠము ఈ విస్టన్‌కే లభించెను. వారి తోకచుక్కలు పోయినవి, నోవహు మిగిలెను. దీనిని మనము జ్ఞాపకముంచుకొనిన మేలు.

వెలికోవ్‌స్కీ గ్రంథము వెలువడక ముందే విద్వాంసులు కొందరు మండిపడిరి. హార్వర్డు ఖగోళ పండితుడు హార్లో షాప్లీ ఆ గ్రంథమును ప్రకటింపవద్దని మాక్‌మిలన్ కంపెనీకి ఉత్తరములు వ్రాసెను. కళాశాలలలో ఆ కంపెనీ పాఠ్యపుస్తకములు కొనబోమని ఇతర ఆచార్యులు బెదిరించిరి. గ్రంథము బాగుగా అమ్ముడుపోవుచుండగానే ఆ కంపెనీ దానిని డబుల్‌డే అను మరియొక కంపెనీకి అప్పగించినది. దానిని అంగీకరించిన సంపాదకుడు జేమ్స్ పట్నం, దానిని గూర్చి అనుకూలముగా వ్రాసిన హేడెన్ ప్లానెటేరియము అధికారి గోర్డన్ ఎట్‌వాటర్, ఇద్దరును తమ ఉద్యోగములు పోగొట్టుకొనిరి. ఆ వాదము తప్పని గట్టిగా చెప్పిన కార్ల్ సేగన్ అను శాస్త్రజ్ఞుడు కూడ, దానిని అణచివేయ చూచుట అంతకంటె చెడ్డపని అని తరువాత ఒప్పుకొనెను.

ప్రియులారా, ఇది శాస్త్రజ్ఞులకు మాత్రమే తగిన హెచ్చరిక కాదు. సంఘములో ఒకడు తప్పు బోధ పలికినప్పుడు మనమేమి చేయుదుము? అతని మాట విని దాని తప్పు చూపుదుమా, లేక అతని అన్నము తీసివేయుదుమా? అపొస్తలులను చంపగోరిన సభలో గమలీయేలు లేచి చెప్పిన బుద్ధిమాట అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములో ఉన్నది. మనుష్యులవలన కలిగినదైతే అది తనంతట తానే వ్యర్థమగును. దానికై మనము అన్యాయము చేయనక్కరలేదు.

ఈ వాదమును వ్యర్థము చేసినది బెదిరింపు కాదు, సాక్ష్యము. గ్రీన్‌లాండులో మంచు ఏటేట ఒక పొరగా పేరుకొనును. ఆ పొరలను లోతునకు తొలచి తీసి లెక్కించిరి. ఎంతో దూరమున పేలిన అగ్నిపర్వతపు ఆనవాలు కూడ వాటిలో దొరకును. అయితే భూమినంతటిని కప్పిన తోకచుక్క ధూళి ఆ కాలపు పొరలలో లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా కొండలమీద 4,800 ఏండ్లకు పైబడిన దేవదారు జాతి చెట్టొకటి నేటికిని బ్రదికియున్నది. ఆకాశము కూలి భూమి తలక్రిందులైన సంవత్సరమును ఆ చెట్టు ఎరుగదు. ఇక శుక్రుని త్రోవ గ్రహములన్నిటి త్రోవలకంటె ఎక్కువ గుండ్రముగా నున్నది. నిన్న మొన్న దారితప్పి తిరిగిన తోకచుక్క అంతలో అట్లు కుదురుకొనజాలదు.

ఒక్క మాట ఆయనకు న్యాయముగా చెప్పవలెను. శుక్రగ్రహము మిక్కిలి వేడిగా నుండునని ఆయన వ్రాసెను. 1962 డిసెంబరులో మేరినర్ 2 అను వ్యోమనౌక దాని ప్రక్కగా పోయినప్పుడు ఆ మాట నిజమని తేలినది. అక్కడి వేడి సుమారు 460 డిగ్రీలు. మనకు 45 డిగ్రీల ఎండకే ప్రాణము సొమ్మసిల్లును. అయితే ఆ వేడికి కారణము ఆయన చెప్పినది కాదు. బొగ్గుపులుసు వాయువు దట్టమైన కంబళివలె ఆ గ్రహమును కప్పి, వేడిని పోనీయకున్నది. ఒక మాట నిజమైనంత మాత్రమున కథ అంతయు నిజము కాదు. ఒక్క సాక్షి మాటమీద తీర్పు చెప్పకూడదని, ఇద్దరు ముగ్గురు సాక్షులు కావలెనని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయమే నేర్పుచున్నది గదా.

అట్లని ప్రాచీన కాలమున ఘోర విపత్తులే కలుగలేదని చెప్పరాదు. 1923లో హార్లెన్ బ్రెట్జ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు, అమెరికా వాయవ్య భాగమందలి బీడుభూములను మహా ప్రవాహమొకటి కొన్ని దినములలోనే కోసినదని చెప్పగా పండితులు నవ్విరి. తరువాత ఆ నేల అతని మాటనే నిజపరచినది. తొంబది దాటిన వయస్సులో, 1979లో, ఆయనకు గొప్ప పతకము నిచ్చిరి. 1980లో లూయీ అల్వారెజ్, ఆయన కుమారుడు వాల్టర్, తమ తోడివారితో కలిసి, 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ఆకాశమునుండి ఒక మహాశిల పడినదని చూపిరి. దాని గొయ్యి మెక్సికోలో దొరికినది. ఇంచుమించు ఆ కాలముననే దక్కను భూమి పగిలి అగ్నిద్రవము ప్రవహించినది. రాజమహేంద్రవరము దగ్గర గోదావరి ఇరు దరులను కనబడు నల్లరాయి ఆ ద్రవము గడ్డకట్టినదే. 1994 జూలైలో ఒక తోకచుక్క ముక్కలు బృహస్పతిమీద పడుట లోకమంతయు చూచినది. కాబట్టి ఆకాశమునుండి విపత్తు రాదనుట జ్ఞానము కాదు. బ్రెట్జ్ నేలను అడిగెను, నేల జవాబు చెప్పెను. వెలికోవ్‌స్కీ కథలను అడిగెను. నేల ఆయనకు సాక్ష్యమియ్యలేదు. భేదమంతయు ఇక్కడనే యున్నది.

ఇప్పుడు ఆ యౌవనస్థుని ప్రశ్నకు వత్తము. ఒకవేళ ఆ వాదము నిజమైయుండిన, మనకేమి లాభము కలిగియుండును? తోకచుక్క తన త్రోవను తాను పోవును. అది ఫరోను ఎరుగదు, ఇటుకలు చేయు దాసులను ఎరుగదు. ఒడ్డున ఎవరు నిలిచినను సముద్రము పాయలగును. ఎవరు నడిచినను మరల కలియును. అట్టి సంగతి ఒక గొప్ప యాదృచ్ఛికమేగాని రక్షణ కాదు. నిర్గమకాండము చెప్పునది వేరు. ఐగుప్తులో తన ప్రజలు పడిన బాధను దేవుడు చూచెను, వారి మొఱ్ఱ వినెను, విడిపింప దిగివచ్చెను. రాత్రియంతయు వీచిన బలమైన తూర్పుగాలిచేత ఆయన సముద్రమును తొలగించెనని 14వ అధ్యాయమే చెప్పుచున్నది. కాబట్టి దేవుడు గాలిని వాడుకొనెనా, మరి దేనిని వాడుకొనెనా అనునది మన విశ్వాసమునకు అడ్డు కాదు. మొఱ్ఱ వినువాడొకడు ఉన్నాడా, లేడా అనునదే ప్రశ్న. ఆ ప్రశ్నకు దూరదర్శినిలో జవాబు దొరకదు. మంచు పొరలలోను దొరకదు.

విపత్తునకు కథ కట్టుటలో మరియొక అపాయము గలదు. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన వచ్చి వేలకొలది జనులు, లెక్కలేని పశువులు కొట్టుకొనిపోయినప్పుడు, "ఎవరి పాపమువలన?" అని అడిగినవారు మనలో లేకపోలేదు. సిలోయములో గోపురము పడి 18 మంది చచ్చిన సంగతి ఎత్తి, వారు ఇతరులకంటె ఎక్కువ అపరాధులని తలంచుచున్నారా అని ప్రభువు అడిగెను. కాదని ఆయనయే చెప్పెను. చచ్చినవారి పాపములు లెక్కింపుమనలేదు. బ్రదికినవారిని మారుమనస్సు పొందుడనెను. ఉప్పెన తరువాత శవములను పూడ్చినవారు, గంజి కాచి పోసినవారు, తల్లిలేని బిడ్డను ఎత్తుకొనినవారు ఆ వాక్యమును సరిగా చదివినవారు.

హోరేబు కొండమీద ఏలీయా ఎదుట పర్వతములను బద్దలు చేయు గాలి వీచెను, భూకంపము కలిగెను, అగ్ని మండెను. వాటిలో యెహోవా లేడు. ఆ తరువాత వినబడిన మెల్లని స్వరమునకే ప్రవక్త తన ముఖము కప్పుకొనెను. మనమైతే గాలిలోను, అగ్నిలోను, తోకచుక్కలోను ఆయనను పట్టుకొని లోకమునకు చూపవలెనని ఆశపడుదుము. ఏల? లోకము మనలను గౌరవింపవలెనని. మా సంతోషములో ఆ గర్వము కొంత యుండెనని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

తరువాత ఆ యౌవనస్థుని పిలిచి ఇట్లు చెప్పితిమి: "నాయనా, తప్పు మాది. గోడకు ఆనించిన వాసమును చూపి, అదే పునాది అని నీతో చెప్పితిమి. వాసము పడినది. పునాది ఎట్లున్నదో ఇప్పుడు కలిసి చూతము." అతడు వెంటనే ఒప్పుకొనలేదు. "చూతము లెండి, అయ్యగారూ" అని మాత్రము అనెను. అయినను మరుసటి ఆదివారము వచ్చి వెనుక బల్లమీద కూర్చుండెను. ఆ వారము మేము తోకచుక్కలను గూర్చి ప్రసంగింపలేదు. నిర్గమకాండము 3వ అధ్యాయము చదివితిమి. ప్రసంగపీఠమునుండి తప్పు చెప్పితిమని కూడ సంఘము ఎదుట చెప్పితిమి. చెప్పుటకు సిగ్గాయెను. చెప్పిన తరువాత భారము తగ్గెను.

కాబట్టి ప్రియులారా, మన పిల్లలు చదువుకొని వచ్చి ప్రశ్నలు అడిగినప్పుడు భయపడకుందము, కసరకుందము. శాస్త్రము మనకు అనుకూలముగా పలికిన దినమున గంతులు వేయవద్దు. ప్రతికూలముగా పలికిన దినమున తలుపులు మూయవద్దు. సత్యమును వెదకువాడు, ఏ త్రోవను వెదకినను, సత్యవంతుడగు దేవునికి శత్రువు కాడు. రేపు తెల్లవారుజామున తూర్పున వేగుచుక్క కనబడిన యెడల, దానిని చేసినవాడు ఒక దాసుని నిట్టూర్పు కూడ వినువాడని తలంచి, మన పనికి పోవుదము.

మొఱ్ఱ ఆలకించు దేవుడు మన సంఘములను, చదువుకొను మన బిడ్డలను సత్యమునందు స్థిరపరచునుగాక. ఆమేన్.