త్రైలింగస్వామి ఆయుర్దాయము

మా గూడూరు ప్రాంతమున పెద్దలు అక్షతలు చల్లి నిండు నూరేళ్లు వర్ధిల్లుమని దీవించునపుడు, ఆ నూరేండ్లు దేనికొరకో ఎవరును విడమరచి చెప్పరు. దీర్ఘాయువు తనంతట తానే శ్రేయస్సన్నట్లు తలవంచి స్వీకరింతుము. అది నిజముగా శ్రేయస్సేనా?

విజయనగర ప్రాంతమున శివరాముడను పేర జన్మించి, కాశిలో పంచగంగా ఘట్టమున నివసించి, 1887 డిసెంబరులో దేహము చాలించిన త్రైలింగస్వామి 280 సంవత్సరములు జీవించెనని భక్తుల విశ్వాసము. పత్రసాక్ష్యముతో ధ్రువపడిన మానవాయువులలో మిక్కిలి దీర్ఘమైనది 1997లో మరణించిన ఫ్రాన్సు దేశపు వనిత జాన్ కాల్మెంటుది. అది 122 ఏండ్లు. కావున చరిత్రకారుడు భక్తుల లెక్కను అంగీకరింపడు. అంగీకరింపకున్నను స్వామికి వచ్చిన లోటు లేదు. ముప్పదిరెండేండ్లకే తనువు వీడిన శంకరులకు మనము తక్కువ నమస్కారము చేయుచున్నామా?

రామకృష్ణ పరమహంస కాశికి పోయినపుడు మౌనవ్రతముననున్న త్రైలింగస్వామిని దర్శించెను. స్వామి తన నస్యపు డబ్బీని ముందుకు చాచి అతిథిని ఆదరించెను. ఈశ్వరుడొక్కడా, అనేకులా అని పరమహంస సైగతో అడుగగా, సమాధియందు ఒక్కడే, నేను నీవను భేదబుద్ధి యున్నంతవరకు అనేకుడే అని సైగతోనే బదులు వచ్చెను. ఆ సమాధానమును ఎన్నవయేట చెప్పెనని అడుగువారెవరు? స్వామి చరితమున నన్ను మిక్కిలి కదలించునది మరియొకటి: తల్లి జీవించియున్నంతకాలము ఆమె సేవను విడువక, ఆమె గతించిన పిదపనే సన్న్యాసమునకు కదలెనట. నా మట్టుకు ఆ సేవాకాలమే 280 ఏండ్లకంటె దీర్ఘమైనది.

ఆయువు దేనికొరకన్న ప్రశ్నకు ఛాందోగ్యోపనిషత్తులో ఒక జవాబున్నది. అది మనుష్యజీవితమునే యజ్ఞముగా భావించి, 24 ఏండ్లు ఉదయపు ఆహుతియగు ప్రాతస్సవనము, 44 మాధ్యందినము, 48 తృతీయ సవనమని విభజించినది. మా ఊరి నిమ్మకాయల మార్కెట్టులో చూపు మందగించిన ఒక తాత, గోతము ముందర కూర్చుండి, వ్రేళ్లతో తడవి చూచియే పచ్చికాయను, పండుకాయను వేరుచేయుచుండుట చూచినపుడు ఆ మూడవ సవనము నాకు గ్రంథములో కంటె స్పష్టముగా బోధపడినది. జీవితమును యజ్ఞముగా భావించు ఆ ఉపనిషద్విద్యను ఉపాసించిన ఐతరేయ మహిదాసుడు రోగము పైబడినపుడు దానిని వేడుకొనలేదు. నన్నేల పీడించెదవు, దీనివలన నేను మరణింపనని గద్దించెను. 116 ఏండ్లు జీవించెనని ఆ యుపనిషత్తే చెప్పుచున్నది.