అక్కని చూసి నేర్చుకోవే!

మా అమ్మాయిలిద్దర్నీ చూసినవాళ్లు "అచ్చు ఒక్కలాగే ఉన్నారే!" అంటారు. నాకు వెంటనే ఇంగ్లండులోని సెల్బోర్న్ పల్లె, అక్కడి పాదిరీ గిల్బర్ట్ వైట్ గుర్తొస్తారు. నవ్వకండి, కారణముంది.

ఆ ఊరి చెట్లమీద చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్ అని రెండు చిట్టి పిట్టలు. బరువు పది గ్రాములు అటూ ఇటూ. రంగు ఇంచుమించు ఒకటే. మొదటిదాని కాళ్లు నల్లన, రెండోదానివి లేతరంగు. కళ్లతో తేలని సంగతి వైట్ చెవులతో తేల్చాడు. ఒకటి తన పేరే రెండు స్వరాల్లో విసుగు లేకుండా వల్లిస్తుంది. రెండోది మెట్లు దిగుతున్నట్టు జారుతూ పాడుతుంది. ఇవి వేరువేరు జాతులనీ, ఇలాంటిదే మూడోదీ ఉందనీ 1768లో పెన్నంట్‌కి ఉత్తరం రాశాడు.

విల్లో వార్బ్లర్ పాటే బావుంటుందని ఎవరైనా అంటారు. నేనూ అంటాను. కానీ చలి తగ్గుతూనే ముందొచ్చి కూసేది ఆ రెండు స్వరాలదే! విల్లో వార్బ్లర్ సహారా దాటి వెళ్లి రావాలి కదా, దాని రెక్క కాస్త పొడుగు.

మొన్న చిన్నది మార్కుల కాగితం తెస్తే "అక్కని చూసి నేర్చుకోవే" అనేశాను. చిన్నప్పుడు మా అమ్మ అదే మాటంటే తలుపు వెనక ఎంత ఏడ్చానో నాకింకా గుర్తే. అసలు పోల్చకుండా పెంచడం సాధ్యమా? పోల్చబట్టేగా వైట్‌కి తేడా తెలిసింది! అయితే ఆయన దేన్నీ రెండోదానిలా పాడమనలేదు.

ఆ రాత్రి పక్కగదిలో చిన్నది ఏదో కూనిరాగం తీస్తోంది. చదువుకోమని కేకెయ్యబోయి, స్టవ్ కట్టేసి నిలబడ్డాను.