క్రమశిక్షణా, వంచడమా?

రాంగోపాల్‌పేటలో, పాత జేమ్స్ స్ట్రీటు మీద, సేఠ్ రాంగోపాల్ పోలీసు స్టేషను కోసం కట్టించిన భవనం నెత్తిన గడియారపు బురుజు వుంది. జంటనగరాల్లో ఒక బట్టల మిల్లు కూడా ఆయన పేరిట వెలిసింది. గడియారం, ఠాణా, మిల్లు: వీటి మధ్య చుట్టరికం యాదృచ్ఛికం కాదు. కర్మాగారపు కాలాన్ని ఇంగ్లండు కార్మికుడి ఒంటికి పట్టించడంలో బడి కూడా ఎలా చేయి వేసిందో చరిత్రకారుడు ఇ. పి. థాంప్సన్ 1967లో చూపించాడు.

అంతమాత్రాన చిన్నపిల్లలకు దినచర్య వద్దనడం తొందరపాటు. న్యాయమైన పనులు చేయగా చేయగానే మనిషి న్యాయవర్తనుడవుతాడన్నది అరిస్టాటిల్ నాటి మాట. ఆరేళ్ళ పిల్లకు నీతిబోధకన్న మంచినీళ్ళ కుండ దగ్గర తన వంతు కోసం ఆగడమే ఎక్కువ నేర్పుతుంది. అయితే 'మొక్కై వంగనిది మానై వంగునా' అని మనం తరచు వల్లించే సామెత, ఆ మొక్కను ఎవరు ఎందుకు వంచుతున్నారో చెప్పదు.

తెల్లవారితే తరగతి గది ఎవరు ఊడవాలి? అసలు ప్రశ్న ఇక్కడ వుంది. జపానులో అది పిల్లలందరి పని. మన బడుల్లో చీపురు వంతు వచ్చేసరికి ఉపాధ్యాయుడి చూపు దళితవాడ పిల్లల మీదా, ఆడపిల్లల మీదా వాలిన సందర్భాలు తక్కువ కావు. అప్పుడు ఊడ్చే పిల్ల ఒకటి నేర్చుకుంటుంది, బల్ల మీద కూర్చుని చూసే పిల్లవాడు మరొకటి నేర్చుకుంటాడు. రెండూ అలవాట్లే. ప్రతిరోజూ జరుగుతాయి గనుక పాఠ్యపుస్తకంలోని సమానత్వంకన్న లోతుకు దిగుతాయి. భాగ్యరెడ్డివర్మ 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో దళితుల పిల్లలకు బడి తెరిచిననాడు పోరాటం గడప దాటడం కోసం. గడప లోపలి పోరాటం యింకా ముగియలేదు.

క్రమశిక్షణ అనగానే మన మిత్రులు మకరెంకోను ఉదహరిస్తారు. పోల్టావా దగ్గర 1920లో ఆయన చేపట్టిన గోర్కీ కాలనీలోని బాకాలూ, వందనాలూ వారికి బాగా గుర్తుంటాయి. (నాకు ఆ బాకాలు రుచించవు.) కాని అక్కడ ఈ వారం ఒక పనిదళానికి నాయకుడైన కుర్రవాడు మరో వారం యింకొకడి కింద మామూలు పనివాడు. నాయకత్వం పని నుంచి మినహాయింపు కాదు. ఆ అలవాటును మనవారు ఉదహరించరు.

వర్గ సమాజం మారకుండా చీపురు చేతులు మారితే ఏమొస్తుందని అడిగేవారున్నారు. వారి ఇళ్ళలో ఎంగిలి పళ్ళాలు ఎవరు తీస్తున్నారో వారినే అడగాలి. సమాజం మారేదాకా గది ఊడవకుండా వుండదు. రేపు ఉదయం ఎవరో ఒకరు ఊడవవలసిందే.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తంతోపాటు క్రమశిక్షణా పోయిందని వాపోయే ఉపాధ్యాయులు గది గోడమీద వంతుల పట్టిక ఒకటి వేసి చూడవచ్చు. అందులో కులం చూడకుండా, ఆడా మగా తేడా లేకుండా పేర్లన్నీ వుండాలి, ఉపాధ్యాయుడి పేరుతో సహా, అక్షరక్రమంలో.