ముప్పు వస్తుంది, రిస్కు తీసుకుంటాం



తుపాను రోజుల్లో రేడియోలో వింటుంటారు. ఓడరేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, మత్స్యకారులు వేటకు వెళ్లొద్దు అని. కాకినాడలో ఆ మాట విన్న మనిషికి, సముద్రంలో ఉన్నది ముప్పు. ఆయన తెచ్చుకున్నది కాదు. దానంతటదే వస్తుంది. తుపాను దారి మళ్లితే తప్పిపోతుంది కూడా.

అయినా ఆయన పడవ కదిలించాడనుకోండి. అప్పుడది రిస్కు. చూడండి, ముప్పు వస్తుంది. రిస్కు మనం తీసుకుంటాం. ఇంగ్లీషు మాటే, కానీ ఊరూరా హాయిగా వాడుతున్నాం. మన తెగింపు దానికి దగ్గరగా వస్తుంది గానీ, తెగించినవాడు లెక్కలు వేయడు. రిస్కు తీసుకునేవాడు వేస్తాడు. వేట లేకపోతే అప్పెలా తీరుతుంది? గాలి సాయంత్రం దాకా ఆగుతుందా?

ఇక ప్రమాదం. సంస్కృతంలో ఆ మాటకు ఏమరుపాటు అని అర్థం. మనమేమో ‘ప్రమాదవశాత్తు’ అనేసి, ఎవరి తప్పూ లేదన్నట్టు దాటేస్తాం. నాకిది కాస్త విడ్డూరమే.

రిస్కు వద్దనుకుని ఇల్లు కదలకపోతే చాలదా అంటారేమో. 1977 నవంబరులో దివిసీమలో ఇళ్లలో ఉన్నవాళ్లు ఏ రిస్కూ తీసుకోలేదు. ఉప్పెనే ఊళ్లమీదికి వచ్చింది. వేలమంది పోయారు. ముప్పు వస్తుంది, మనం పిలవకపోయినా. తీరంలో ఇప్పుడు తుపాను షెల్టర్లు ఉన్నాయి. అవి ముప్పును ఆపలేవు. మనిషిని దాని దారిలోంచి పక్కకు తప్పిస్తాయి. హెచ్చరిక రాగానే అధికారులు ఇళ్లు ఖాళీ చేయమనేది అందుకే.