తెలిసిన దోషమును దాచుట

అమ్మెడువానికి తన వస్తువునందలి దోషము తెలిసియున్నది. కొనెడువాడడుగలేదు. అడుగలేదు గనుక ఇతడు చెప్పలేదు. ఇతడు అసత్యమాడినట్లా, కాదా?

ఈ ప్రశ్న క్రొత్తది గాదు. క్రీస్తునకు పూర్వము 44వ సంవత్సరమున రోమక పండితుడగు సిసెరో తన కుమారునికై ధర్మములనుగూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని విపులముగా చర్చించియున్నాడు. ఒకడు ఇల్లు అమ్మజూపుచున్నాడు. దూలములు పుచ్చినవి, పడకగదులలో పాములు తిరుగుచున్నవి, ఈ సంగతి యజమానునకు తప్ప ఇతరులకు తెలియదు. అడుగనిదానికి బదులు చెప్పనక్కరలేదనియు, తన యిల్లు రోగముల పుట్టయని దండోరా వేయించి యెవడును అమ్ముకొనడనియు డయోజినీసు అను తత్త్వవేత్త పక్షము. బాటసారికి దారి చూపకుండుటయే పాపమైనప్పుడు, తెలిసి తెలిసి ఒకనిని పెడదారి పట్టనిచ్చుట అంతకు మించిన పాపము గాదా యని అతని శిష్యుడగు ఆంటిపేటరు వాదము. సిసెరో శిష్యుని పక్షమునే వహించెను. ఊరకుండుట వేరు, దాచుట వేరు. తన లాభముకొరకు ఎదుటివాడు తెలిసికొనదగినదానిని తెలియనీయకుండుటయే దాచుట యని అతని తీర్పు. మన నారదస్మృతి ఇంతకంటె కఠినమైనది. మంచి సరకు చూపి దోషముగల సరకు ఇచ్చిన వర్తకుడు కొన్నవానికి రెట్టింపు వెల ఇచ్చుకొని, అంత సొమ్మును రాజునకు దండుగ కట్టవలెనట.

ఈ పాత తగవును నేడు తిరుగదోడుటకు కారణము పుచ్చిన దూలము కాదు. ఇండ్లలో బల్లక్రింద కూర్చుండిన కంప్యూటరు పెట్టె. దూలమునైనను నిచ్చెన వేసికొని గోటితో గీరి చూడవచ్చును. పెట్టెలోని మదర్‌బోర్డును చూచి దాని మంచిచెడ్డలు చెప్పగల గృహస్థుడు ఎందరిలో ఒకడు?

ప్రాసెసరు, మెమరీ మున్నగు భాగములనన్నిటిని కలుపు పలకయే మదర్‌బోర్డు. ప్రాసెసరు చుట్టును చిన్న డబ్బాలవలె నిలిచియుండువానిని కెపాసిటర్లందురు. ప్రాసెసరునకు పోవు విద్యుత్తును ఒడుదుడుకులు లేకుండ సమము చేయుట వాని పని. పాతరకపు కెపాసిటరులో అల్యూమినియము రేకు చుట్టయు, దానిని తడిపియుంచు ద్రవమును ఉండును. వేడికి ఆ ద్రవము మెల్లమెల్లగా హరించును. పది డిగ్రీల వేడి పెరిగినకొలది దాని ఆయువు సగమగునని ఇంజనీర్ల మోటు లెక్క. 105 డిగ్రీలయొద్ద 2000 గంటలు నిలుచునని చెప్పబడిన కెపాసిటరు, ఆ లెక్కప్రకారము 65 డిగ్రీలయొద్ద 32,000 గంటలు నిలువవలెను. దినమునకు ఎనిమిది గంటల వాడుకకు సుమారు పదునొకండేండ్లు. అదియే 85 డిగ్రీలలో ఉడికినచో 8,000 గంటలే, మూడేండ్లయినను నిండవు. ద్రవము చెడి వాయువు పుట్టినప్పుడు మూత ఉబ్బును. మూతమీది గాటు విచ్చి గోధుమవన్నె మడ్డి పైకి వచ్చును. అంతట కంప్యూటరు నడుమ నడుమ ఆగిపోవుచు, తుదకొకనాడు లేవనే లేవదు.

ఇందు గృహస్థుని పాలు లేదనను. ఫ్యానుకు దూదివలె దుమ్ము పట్టియుండగా, పెట్టెను గోడకు ఆనించి, రోహిణికార్తె యెండలలో తలుపులు బిగించి పనిచేయించువారు మనలో కొల్లలుగా ఉన్నారు. నేటి బోర్డులలో పెక్కింటికి ద్రవము లేని గట్టి కెపాసిటర్లు వచ్చినను, వేడికి చెడుట మాత్రము నిలువలేదు. అయినను గృహస్థుని పాలు ఎంతయో, చేసినవాని పాలు ఎంతయో తేల్చుటకు ముందు చేసినవాడు తనకు తెలిసినది చెప్పవలెను. చిక్కంతయు అక్కడనే యున్నది.

1999 మొదలు 2007 వరకు లోకమంతట చెడు కెపాసిటర్లు వ్యాపించి అనేక కంపెనీల బోర్డులను పాడుచేసినవి. ఒకరి ద్రవపు సూత్రమును మరియొకరు దొంగిలించి సగమే వ్రాసికొనుటవలన ఇది జరిగినదని ఒక కథ వ్యాపించినది గాని అది రుజువు కాలేదు. వీనిలో డెల్ కంపెనీవారి ఆప్టిప్లెక్సు యంత్రముల చరిత్ర కోర్టు కెక్కుటచేత లోకమునకు తెలిసినది. 2003 మే మొదలు 2005 జూలై వరకు ఆ కంపెనీ పంపిన యంత్రములలో 1 కోటి 18 లక్షలకు తక్కువగాకుండ చెడు భాగములవలన పాడగు ప్రమాదమున నుండెనని ఆ పత్రములు చెప్పుచున్నవి. ఒక కొనుగోలుదారు సంస్థ 2007లో వ్యాజ్యము వేయగా, ఆ పత్రములు 2010లో బయటపడినవి. బోర్డులు చెడ్డవని తోపించు మాటలేవియు ఖాతాదారులయొద్ద వాడవలదని ఉద్యోగులకు ఆజ్ఞలుండెనట!

2010 జూనులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటించిన సంగతులలో రెండు ముచ్చటలు చదువరులు వినదగినవి. టెక్సాసు విశ్వవిద్యాలయపు గణితశాఖవారు తమ యంత్రములు చెడిపోవుచున్నవని మొరపెట్టుకొనగా, మీరు కఠినమైన లెక్కలు చేయించి వానిని అలయగొట్టితిరని బదులు వచ్చినదట. గణితజ్ఞులు లెక్కలుగాక మరేమి చేయింతురు? వంటయింటి కమ్మిన కుండను పొయ్యిమీద పెట్టితిరేమని కుమ్మరి కోపించినట్లున్నది. ఇక రెండవది: ఆ వ్యాజ్యములో కంపెనీ పక్షమున వాదించుచున్న న్యాయవాదుల సంస్థకే అట్టి యంత్రములు వేయి చేరగా, వానిని బాగుచేయుటకును కంపెనీ వెనుకాడినదట. తన్ను కాపాడువానికి సైతము నిజము చెప్పలేని స్థితి ఎంత దైన్యము!

కంపెనీకి న్యాయము చేయవలెను. ఆ కెపాసిటర్లను అది తయారుచేయలేదు, మరియొకరియొద్ద కొన్నది. బోర్డులను మార్చుటకును బాగుచేయుటకును 2005లో దాదాపు 30 కోట్ల డాలర్లు లెక్క కట్టి ప్రక్కన పెట్టినది. అట్లయిన తప్పెక్కడ? కెపాసిటరు ఉబ్బుటలో లేదు; గణితజ్ఞులకు చెప్పిన మాటలో ఉన్నది. దోషమును దాచువాడు మౌనముతో ఆగలేడు. యంత్రము చెడినమాట కంటికి కనబడుచున్నది గనుక దానికొక కారణము చెప్పితీరవలెను. నిజమైన కారణము చెప్పరాదు గనుక నేరమును కొన్నవాని నెత్తిన వేయవలెను. సిసెరో చెప్పిన యింటి యజమానుడు పాములసంగతి దాచెనేగాని, పాము కరచినపిమ్మట నీవే తెచ్చి పెంచితివని అనలేదు.

ఒక యింట కొడుకు చదువుకొరకు నగ కుదువబెట్టి కంప్యూటరు కొన్న తల్లిని తలచుకొందము. సర్వీసు సెంటరువారు, మీ యింటిలో వేడి ఎక్కువ, మీ పిల్లవాడు రాత్రింబవళ్లు ఆటలాడియుండును, అని పంపివేసిరి. ఆమె కుమారుని దండించును; కుమారుడు తన్ను తానే శంకించుకొనును. బోర్డుకు పోయిన సొమ్మును మరల కూడబెట్టవచ్చును. లేని నేరమును ఉన్నదని నమ్మిన ఆ యింటికి ఎవరు నష్టపరిహారమిత్తురు?

తొలి ఫిర్యాదు రాగానే దోషము మాదేయని చాటినచో వ్యాపారము సాగునా యని కొందరు అడుగుదురు. సాగదు, అట్లు చాటుమని ఎవరును కోరుటలేదు. ఒక బోర్డు చెడినప్పుడు కంపెనీకిని కారణము తెలియదు. కాని గృహస్థుడు తన జన్మలో రెండు మూడు బోర్డులు చూచును. కంపెనీ ఒక మాసములోనే వేలకొలది చూచును. ఆ వేలలో ఒకే డబ్బా ఒకే తీరున ఉబ్బుట కనబడిననాడు, ఇంటింట విడివిడిగా నున్న అనుమానము వారి బల్లమీద జ్ఞానమగుచున్నది. ఆ జ్ఞానము కొన్నవారి నష్టములనుండి పుట్టినదే గదా! దానిని వారికే దాచుట ఏ వర్తకధర్మము?

మరి ఫోనులో ఆ మాట చెప్పువాడో? హైదరాబాదులోను బెంగుళూరులోను కాల్ సెంటర్లలో కూర్చుండి, దూరదేశములవారికి సైతము సమాధానములు చెప్పువారిలో మన తెలుగు బిడ్డలు అనేకులు. వాని యెదుట వ్రాసిపెట్టిన ప్రశ్నోత్తరములుండును. ఫ్యాను తుడిచితిరా, ప్లగ్గు తీసి పెట్టితిరా, అని అతడు నాలుగవసారి అడుగునప్పుడు మన కోపము వానిమీదనే కురియును. అది అన్యాయము, దోషము సంగతి వానికిని చెప్పియుండరు. చెప్పియున్నచో? అప్పుడును వాడు జీతగాడే, వాని జీతముమీద ఒక కుటుంబమున్నది. నేను వానిని పూర్తిగా విడిచిపెట్టలేను. కాని తీగె చివరనున్న గొంతునకును, ఆ ప్రశ్నోత్తరములు వ్రాసినవానికిని ఒకే శిక్ష విధింపలేను. వ్రాసినవాడు మన గొంతు ఎన్నడును వినడు.

2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ఈ విషయమున ఒక అడుగు ముందుకు వేసినది. తయారీలోపమునకే గాక, తగిన హెచ్చరిక చేయకపోవుటకును తయారీదారుని బాధ్యుని చేసినది. వస్తువును చెడువాడుక చేసిన కొనుగోలుదారునకు మాత్రము ఆ రక్షణ లేదన్నది. జిల్లా కమిషనులో వకీలు లేకయే రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. అక్కడ కంపెనీవారు చెడువాడుక యని ఉత్తరమిత్తురు. అప్పుడు గృహస్థుడు తన చేతనున్న ఒక్క బోర్డునే చూపగలడు. తక్కిన వేల బోర్డుల లెక్క కంపెనీ పుస్తకములలోనే యుండును. 2003లో ఆ యంత్రములు కొన్నవారికి ఆ పుస్తకము తెరచుటకు ఏడేండ్లు పట్టినది.