మనసు పుట్టేవరకు ఆగాలా?

మన ఇళ్లలో చాలాచోట్ల బీరువాలో ఒక అర ఉంటుంది. ఎప్పుడో ముచ్చటపడి కొన్న వస్తువులు అందులో ఉంటాయి. రెండు కలాలు, ఒక సిరాబుడ్డి, ఇంకా విప్పని కాగితాల కట్ట. అరబీ అక్షరాలు అందంగా రాయడం నేర్చుకోవాలని, ఒక్కసారైనా ఫాతిహా సూరాను సొంత చేత్తో రాసి గోడకు పెట్టుకోవాలని మూడు రమజాన్‌ల క్రితం అనుకున్నాం. తర్వాత పిల్లల పరీక్షలు వచ్చాయి. ఇంట్లో పెళ్లి వచ్చింది. ఆ హడావిడి ముగిశాక కూడా కలం చేతికి రాలేదు. "మనసు కుదరడం లేదు, మనసు పుట్టినప్పుడు మొదలుపెడదాం" అనుకుని అర మూసేశాం. లోపల సిరా ఎండిపోయింది.

ఈ మాట ఒక్క ఖత్తాతీకి, అంటే సుందరమైన చేతిరాతకు మాత్రమే సంబంధించినది కాదు. కుట్టుపని కావచ్చు, పిల్లల కోసం కథలు రాయడం కావచ్చు, ఇంటి వెనుక నాలుగు మొక్కలు పెంచడం కావచ్చు. కొత్తగా ఏదైనా మంచి పని మొదలుపెట్టే ముందు మనమంతా ఇదే గడప దగ్గర ఆగిపోతాం. మనసు దానంతట అది రావాలా? లేక మనమే దాన్ని తెచ్చుకోవాలా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ అల్లాహ్ మనకిచ్చిన కాలానికి, శక్తికి రేపు లెక్క చెప్పుకోవలసిన వాళ్లం మనం. అందుకే దీన్ని కాస్త ఆలోచించవలసి ఉంది.

కోరిక వేరు, సంకల్పం వేరు

కర్మలు సంకల్పాలపైనే ఆధారపడి ఉంటాయన్న హదీసు మనందరికీ కంఠస్థమే. అయితే సంకల్పం (నియ్యత్) అనే మాటను మనం చాలాసార్లు కోరిక అనే అర్థంలో వాడేస్తుంటాం. కోరిక దానంతట అది వస్తుంది, దానంతట అది పోతుంది. సంకల్పం అలా రాదు. దాన్ని మనం చేసుకోవాలి. ఫజ్ర్ నమాజు వేళ నిద్ర ముంచుకొస్తున్నా లేచి వుజూ చేసుకునే మనిషికి ఆ క్షణంలో లేవాలన్న కోరిక ఉండకపోవచ్చు. కానీ సంకల్పం ఉంది. అది ఉన్నందువల్లే కాళ్లు మంచం దిగాయి.

ఈ హదీసును ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన గ్రంథానికి మొదటి హదీసుగా పెట్టారు. ఆ గ్రంథం మొదలైన తీరు కూడా మనం తెలుసుకోదగినదే. ఆయన గురువు ఇస్‌హాఖ్ బిన్ రాహవైహ్ (రహ్మలై) సభలో ఒక మాట వచ్చింది. ప్రామాణికమైన హదీసులను మాత్రమే ఏర్చి కూర్చి ఎవరైనా ఒక సంక్షిప్త గ్రంథం తయారు చేస్తే బాగుండునన్నదే ఆ మాట. సభలో ఉన్నవారంతా దాన్ని విన్నారు. బాగుందని అనుకున్నవారు కూడా ఉండే ఉంటారు. ఒకరి హృదయంలో మాత్రం అది సంకల్పంగా నాటుకుంది. ఆ పని పూర్తి కావడానికి సుమారు 16 సంవత్సరాలు పట్టింది. ఒక్కొక్క హదీసును గ్రంథంలో చేర్చే ముందు ఆయన స్నానం చేసి రెండు రకాతుల నమాజు చేసేవారని చెబుతారు. అన్నేళ్లపాటు ఒకే ఉత్సాహం ఎవరికీ నిలవదు. నిలిచింది సంకల్పం.

కొండను మోయడంకన్నా బరువైన పని

ఇంకొంచెం వెనక్కి వెళదాం. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్ కాలంలో జరిగిన యమామా యుద్ధంలో ఎందరో ఖుర్‌ఆన్ పారాయణకర్తలు అమరులయ్యారు. అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి), దివ్య ఖుర్‌ఆన్‌ను ఒకచోట సేకరించి భద్రపరచాలని సలహా ఇచ్చారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) వెంటనే ఒప్పుకోలేదు. దైవప్రవక్త (స) చేయని పనిని తానెలా చేయగలనని వెనుకాడారు. ఇది మేలైన పనేనని హజ్రత్ ఉమర్ (రజి) పదేపదే నచ్చజెప్పారు. చివరికి అల్లాహ్ ఆయన హృదయాన్ని తెరిచాడు. తర్వాత ఆ బాధ్యతను యువకుడైన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించబోతే ఆయన కూడా అలాగే వెనుకాడారు. ఒక కొండను కదిలించమన్నా తనకు ఇంత బరువనిపించేది కాదని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆయనకూ నచ్చజెప్పారు. ఆయన హృదయం కూడా తెరుచుకుంది. ఖర్జూరపు మట్టల మీద, పలుచని రాళ్ల మీద ఉన్న రాతలను, మనుషుల గుండెల్లో భద్రంగా ఉన్న వాక్కులను వెతికి వెతికి ఆయన సేకరించారు. (బుఖారీ)

ఇందులో మనం గమనించవలసిన విషయాలు రెండు ఉన్నాయి. మొదటిది, వెనుకాడటం నేరం కాదు. అంతటి మహనీయులే వెనుకాడారు. రెండవది, వారి హృదయం ఒంటరిగా కూర్చుని ఎదురుచూస్తే తెరుచుకోలేదు. మేలు కోరే మనిషితో మాట్లాడుతూ, ఆ మాటను తిరిగి తిరిగి తూచుకుంటూ ఉండగా తెరుచుకుంది. మూసా ప్రవక్త (అలై) కూడా, ఫిరౌన్ దగ్గరకు వెళ్లమన్న ఆజ్ఞ రాగానే, తన హృదయాన్ని విశాలం చేయమని, పనిని సులభం చేయమని ప్రభువును వేడుకున్నారు (తాహా: 25, 26). మనసు తెరుచుకోవడం అడిగి తెచ్చుకోవలసిన వరమే తప్ప, తలుపు దగ్గర కూర్చుని ఎదురుచూడవలసిన అతిథి కాదు. తన మార్గంలో పాటుపడే వారికి తన దారులు చూపుతానని అల్లాహ్ వాగ్దానం చేశాడు (అన్‌కబూత్: 69). అక్కడ కూడా ముందు పాటుపడటం ఉంది, తర్వాతే దారి చూపడం.

"ఈ వయసులో ఇదెందుకమ్మీ?"

నలభై ఏళ్ల తల్లి కలం పట్టుకుంటే పిల్లలు నవ్వుతూ అనే మాట ఇది. వంకరపోయిన అలిఫ్‌ను చూసి మనకే సిగ్గేస్తుంది. మనసు పుట్టడం లేదని చెప్పే చాలా సందర్భాల్లో లోపల ఉన్నది ఈ సిగ్గే. ఖుర్‌ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ పఠించేవారికి రెండింతల పుణ్యం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). తడబాటును అల్లాహ్ అవమానంగా చూడటం లేదని తెలిశాక, మనం మాత్రం దాన్ని ఎందుకు అవమానంగా చూడాలి?

వెయ్యేళ్ల క్రితం బాగ్దాదులో ఇబ్నుల్ బవ్వాబ్ అనే ఆయన ఉండేవారు. బవ్వాబ్ అంటే ద్వారపాలకుడు. ఆయన ఒక ద్వారపాలకుని కుమారుడు. మొదట ఇళ్లకు రంగులు, చిత్రాలు వేసే పని చేసి, తర్వాత చేతిరాత వైపు మళ్లారు. హిజ్రీ 391లో ఆయన రాసిన ఖుర్‌ఆన్ ప్రతి ఒకటి నేటికీ ఐర్లండులోని డబ్లిన్ నగరంలో, చెస్టర్ బీటీ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. ఒక పనిలో పండిన చెయ్యి మరో పనిలో మళ్లీ మొదటి అక్షరం దిద్దవలసిందే. దిద్దడానికి ఆయన సిగ్గుపడి ఉంటే ఆ ప్రతి మనకు ఉండేది కాదు.

ఖత్తాతీ నేర్పే పద్ధతిలోనే ఈ వినయం ఉంది. తుర్కీ గురువుల సంప్రదాయంలో శిష్యుడు మొట్టమొదట రాసే పాఠం అక్షరమాల కాదు, ఒక దుఆ. ప్రభూ, సులభం చేయి, కష్టతరం చేయకు, మేలుతో పూర్తి చేయి అని దాని భావం. ఆ ఒక్క వాక్యాన్నే సరిగా వచ్చేదాకా వారాలు, నెలల తరబడి రాయిస్తారు. మన దగ్గర పాతకాలం ఉస్తాదులు చెక్క పలక (తఖ్తీ) మీద ముల్తానీ మట్టి పూసి, ఆరాక రాయించేవారు. తప్పుపోతే కడిగేసి మళ్లీ పూయాలి. కంప్యూటర్లు రాకముందు హైదరాబాదు ఉర్దూ పత్రికల్లో ప్రతి పంక్తినీ కాతిబ్‌లు చేత్తోనే రాసేవారు. కడిగిన పలక మీద మళ్లీ మళ్లీ రాసే ఈ ఓర్పుతోనే అలాంటి చేతులు తయారయ్యాయి.

పేరు కోసమేనేమో!

కొందరిని వేరొక సందేహం పట్టుకుంటుంది. "నేను ఇది అల్లాహ్ కోసం చేస్తున్నానా, నలుగురూ మెచ్చుకోవాలని చేస్తున్నానా? నియ్యత్ శుద్ధి అయ్యాక చూద్దాం" అని ఆగిపోతారు. ఈ భయం మంచిదే. ప్రదర్శనాబుద్ధి సత్కార్యాన్ని తినేస్తుంది. కానీ జనం ఏమనుకుంటారోనని మంచి పనిని వదిలేయడం కూడా ప్రదర్శనాబుద్ధిలో భాగమేనని ఫుదైల్ బిన్ ఇయాద్ (రహ్మలై) హెచ్చరించారు. రెండు చోట్లా మన చూపు జనం మీదే ఉంది కదా!

నియ్యత్‌ను సరిదిద్దుకుంటూ నడవాలి. నమాజులో ఆలోచన పక్కకు పోతే నమాజు వదిలేయం, ఆలోచనను వెనక్కి తెచ్చుకుంటాం. ఇక్కడా అంతే. రాసిన మొదటి కాగితాన్ని ఎవరికీ చూపకుండా దాచుకోండి. మెప్పు లేకుండా ఆ పని చేయగలిగితే అదే నియ్యత్‌కు పరీక్ష, అదే దానికి చికిత్స.

ఇంటివారి హక్కు, ఇంటివారి బాధ్యత

కొత్త పని ఫర్జ్‌లకు అడ్డం రాకూడదు. నీ ప్రభువుకు నీపై హక్కు ఉంది, నీ ప్రాణానికి హక్కు ఉంది, నీ ఇంటివారికి హక్కు ఉంది, ఎవరి హక్కు వారికి ఇవ్వమని హజ్రత్ సల్మాన్ (రజి) తన సోదరునికి చెబితే, దైవప్రవక్త (స) ఆ మాట నిజమేనన్నారు (బుఖారీ). పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే అలిఫ్ దిద్దుతూ కూర్చోమని ఎవరూ చెప్పరు.

కానీ ఈ హదీసులో 'నీ ప్రాణానికి హక్కు' అన్న మాట కూడా ఉంది. దాన్ని మన ఇళ్లలో ఎంతమంది గుర్తుంచుకుంటున్నాం? ఇంట్లో అందరి పనులూ అయ్యాక మిగిలే కాలమే ఇల్లాలి కాలమైతే, ఆమెకు ఎప్పటికీ మనసు పుట్టదు. ఒళ్లు అలిసిపోయాక మనసు ఎక్కడి నుంచి వస్తుంది? దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనుల్లో చేయి కలిపేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). రోజుకు పావుగంటపాటు ఎవరూ పిలవకుండా ఆమెను వదిలేయడం ఆ ఆచరణలో చిన్న భాగమే.

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పింది షిఫా బిన్త్ అబ్దుల్లాహ్ (రజి) అనే మహిళ. ఆమెకు రాత నేర్పినట్లే ఒక వ్యాధికి చేసే రుఖ్యా కూడా నేర్పమని దైవప్రవక్త (స) షిఫా (రజి)కు చెప్పారు (అబూదావూద్). ఒక స్త్రీ మరో స్త్రీకి ఇంట్లో కూర్చుని అక్షరం నేర్పడం దైవప్రవక్త (స) ఎరిగిన, ఆమోదించిన విషయమన్నమాట. తర్వాతి కాలంలో, హజ్రత్ జైద్ (రజి) సేకరించిన ఖుర్‌ఆన్ పత్రాలు హజ్రత్ అబూబక్ర్ (రజి) వద్ద, ఆయన తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) వద్ద ఉండి, చివరికి ఈ హఫ్సా (రజి) వద్దకే చేరాయి. అక్షరం దిద్దుతున్న రోజున ఆ చేతుల్లోకి రేపు ఏమి రాబోతోందో ఎవరికి తెలుసు?

రేపు ఉదయం

సోదర సోదరీమణులారా! అల్లాహ్‌కు అన్నిటికంటే ప్రియమైన కర్మ, కొద్దిదైనా నిలకడగా చేసేదేనని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). కాబట్టి ఫాతిహా సూరా సంగతి ఇప్పుడు ఆలోచించవద్దు. రేపు ఫజ్ర్ తర్వాత ఆ అర తెరవండి. ఎండిన సిరా పారేసి కొత్తది పోయండి. బిస్మిల్లాహ్ అని, కలంతో ఒక్క వరుస చుక్కలు పెట్టండి. ఖత్తాతీలో అన్ని అక్షరాల కొలతా ఆ చుక్కే. అలిఫ్ ఎన్ని చుక్కల ఎత్తు ఉండాలో కూడా దానితోనే కొలుస్తారు. పావుగంట కాగానే కలం కడిగి లేవండి. మర్నాడు మళ్లీ కూర్చోండి. మూడో రోజు మనసు రాకపోయినా కూర్చోండి. మనసు పదో రోజున రావచ్చు, నలభయ్యో రోజున రావచ్చు. అది వచ్చేసరికి మనం పనిలో ఉండాలి.

అసమర్థత నుంచి, సోమరితనం నుంచి శరణు వేడమని దైవప్రవక్త (స) తమ ఆచరణతో మనకు నేర్పారు. ఓ అల్లాహ్! మా హృదయాలను మేలైన పనులకు తెరువు. మా సంకల్పాలను శుద్ధి చేయి. మొదలుపెట్టే ధైర్యాన్ని, కొనసాగించే ఓర్పును, మేలుతో పూర్తిచేసే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.